చిత్తుప్రతులును ధర్మమును

కళావంతుడు తాను జీవించియుండగా లోకమునకు చూపక దాచియుంచిన కృతులను అతని యనంతరము ఇతరులు వెలువరించుట ధర్మమగునా? ఈ ప్రశ్న కవులకును గాయకులకును మాత్రమే సంబంధించినదని కొందరు తలపవచ్చును. పూర్వకాలమున అది కొంతవరకు నిజమే. తాటాకుపై గంటముతో వ్రాయువారు వేయింటికొకరు. వ్రాసినది మిగులుట అంతకన్న నరుదు. నేడట్లు కాదు. మాటను, పాటను పట్టి నిలుపు యంత్రము పల్లెటూరి పశులకాపరి జేబులోను ఉన్నది. గతించినవారి కంఠస్వరములు ఇంటింటను నిలిచియున్నవి. కావున మృతుల మౌనమును మనమెంతవరకు భంగపరుపవచ్చునను ప్రశ్న నేడు ప్రతి గడపలోనికిని వచ్చినది. దీనిని చదువరులు మాతోగూడ నించుక విచారింతురు గాక.

మొదట విషయమును స్పష్టపరచుకొందము. చిత్తుప్రతి యననేమో, సాపుప్రతి యననేమో బడిపిల్లలకు సైతము తెలియును. చిత్తునందు కొట్టివేతలుండును, తప్పులుండును, అంచున బొమ్మలుండును. సాపుప్రతిని ఉపాధ్యాయునకిచ్చి, చిత్తును సంచిలో దాచుకొందురు. సంగీతమునందును అట్టి భేదమే కలదు. పాశ్చాత్యదేశములలో గిటారు వాయించు విద్వాంసుడు క్రొత్త పాటను కట్టినప్పుడు, తోడివారికి వినిపించుటకో, తాను మరవకుండుటకో, ఒంటరిగా కూర్చుండి నమూనాగా పాడి ముద్రించుకొనును. దీనిని వారు డెమో యందురు. అందు తాళము తడబడవచ్చును. మాటలు కుదరనిచోట ఉత్త రాగాలాపన ముండవచ్చును. పిదప సహవాద్యములు చేర్చి, దోషములు దిద్ది, సాపుచేసిన పాటను విపణికి పంపుదురు. చిత్తు పెట్టెలో పడియుండును. పదియో, ముప్పదియో యేండ్ల పిమ్మట ఆ పెట్టెను తెరచి, అందలి నమూనాలను, విడిచిపెట్టిన పాటలను, కచేరీలలో పట్టిన ముద్రణలను ఏర్చి కూర్చి సంపుటముగా వెలువరించుట ఆ దేశములలో నొక యాచారమైనది.

ఇంగ్లండునందు ‘ది హూ’ యను వాద్యబృందమునకు చెందిన పీట్ టౌన్‌షెండ్ అను గిటారు విద్వాంసుడు 1983లో ‘స్కూప్’ అను పేర నిట్టి సంపుటమును ప్రకటించెను. 1987లోను, 2001లోను మరి రెండు వెలువడినవి. ఈతడు తన బృందమునకు పాటలు కట్టువాడు. ఇంటిలో గిటారునే కాక తక్కిన వాద్యములను గూడ తానే వాయించి, తానే పాడి, నమూనాలు సిద్ధపరచి తోడివారికి వినిపించెడివాడు. లోకము బృందగానముగా నెరిగిన పాటలు మొదట ఒక్కని గదిలో ఏ రూపమున పుట్టెనో ఈ సంపుటములవలన తెలియవచ్చినది. ఇందు ధర్మసందేహమున కెడము లేదు. చిత్తు అతనిది. ఏరినవాడును అతడే. ఇది చిత్తు సుమా యని విన్నవారికి చెప్పినవాడును అతడే. తన యింటి వంటగదిని తానే తెరచి చూపిన గృహస్థుని తప్పుపట్టువారెవరు?

అదే వంటగదిని ఆ గృహస్థుడు పోయిన పిమ్మట మరియొకరు తెరచి చూపినచో నేమనవలెను? అమెరికాకు చెందిన జిమీ హెండ్రిక్సు అను గిటారు విద్వాంసుడు 1970 సెప్టెంబరు 18వ తేదీన లండను నగరమున మరణించెను. అప్పటి కతనికి 27 ఏండ్లు. 1967 మొదలు 1970 వరకు అతడు తన యెరుకతో లోకమున కర్పించిన ప్రధాన సంపుటములు నాలుగు మాత్రమే. అతని యనంతరము వెలువడినవి ఆ సంఖ్యకు అనేక రెట్లు. ముద్రణశాలలో రేయింబవళ్లు వాయించి, నచ్చనివి ప్రక్కకు పెట్టుట అతని యలవాటు. ఆ ప్రక్కకు పెట్టినవే పిదప ధనరాశులైనవి. 1975లో ‘క్రాష్ లాండింగ్’ అను సంపుటమును వెలువరించిన ఆలన్ డగ్లస్ అను నిర్మాత, హెండ్రిక్సుతో నాడు వాయించిన సహవాద్యకారుల నాదమును పెక్కుచోట్ల తొలగించి, కూలికి వచ్చిన క్రొత్తవారిచే వాయింపించి చేర్చెను. కొన్ని పాటలకు సహకర్తగా తన పేరును గూడ తగిలించుకొనెను. 1995లో హెండ్రిక్సు తండ్రి వ్యాజ్యమాడి కుమారుని సంగీతముపై హక్కును మరల సంపాదించెను. అటుపిమ్మట కుటుంబమువారి సంస్థయే మిగిలిన ముద్రణలను వెలువరించుచు వచ్చినది. 2010 నాటి ‘వ్యాలీస్ ఆఫ్ నెప్ట్యూన్’ అట్టిది.

ఈ రెండు నిదర్శనములను ప్రక్కప్రక్కన నుంచినచో ప్రశ్న తేటపడును. చిత్తును చూపుటయే దోషమైనచో టౌన్‌షెండును దోషియే. అది దోషము కాదనినచో, హెండ్రిక్సు విషయమున మన మనస్సు ఏల చివుక్కుమనుచున్నది? అనుమతి లేమివలన ననవచ్చును. మృతుడు అనుమతి నీయజాలడు, నిషేధింపను జాలడు. అతని మౌనమును అంగీకారముగా గ్రహింపవలెనా, నిరాకరణముగా గ్రహింపవలెనా యనునదే ఇందలి చిక్కు.

నిరాకరణముగానే గ్రహింపవలెనని వాదించువారు కలరు. శిల్పి ఉలిదెబ్బలు పడిన అరకొర విగ్రహమును గుడిలో నిలుపడు. కళావంతుడు విడిచిన దానిని మనము తలకెత్తుకొనుట అతని తీర్పును ధిక్కరించుటయేయని వారి వాదము. ఇందు సత్యాంశము లేకపోలేదు. ఏది చూపవలెనో, ఏది దాచవలెనో యెరుగుట కళలో సగపాలు. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున పుట్టిన నాటకసమాజమువారు తెర యనునదానిని ఊరక కట్టుకొనలేదు. తెర వెనుక రంగులు పూసికొనుచున్న శ్రీరాముని చూడగోరువాడు నాటకమును చూడగోరువాడు కాడు.

అయినను ఈ వాదమును తుదివరకు సాగనిచ్చినచో గొప్ప నష్టము వాటిల్లును. గణితపరీక్షలో ఉపాధ్యాయుడు సమాధానమును మాత్రమే చూచి తృప్తినొందడు. ప్రక్కన వేసిన చిత్తులెక్కను చూచును. సమాధానము చూచివ్రాసినదైనను కావచ్చును గాని, తప్పుదారిని బోయి, తెలిసికొని, వెనుకకు మరలిన యడుగుజాడ బుద్ధి పనిచేసిన తీరును తెలుపును. విద్యార్థికి గొప్పవారి సాపుప్రతి ఆశ్చర్యమును మాత్రమే కలిగించును. చిత్తుప్రతి ధైర్యమును కలిగించును. మహాకవియు కొట్టివేయును, మహాగాయకుడును అపస్వరము పలుకును అని తెలిసిన బాలుడు తన ప్రయత్నమును మానడు. గొప్పవారందరు దైవాంశచే పుట్టినవారు, శ్రమచే గొప్పవారు కారు అను మూఢవిశ్వాసము మన దేశమున మిక్కిలి ప్రబలినది. ఆ మూఢత్వమును పోగొట్టుటకు చిత్తుప్రతిని మించిన మందు లేదు.

మన సీమయందే ఈ విచారమునకు తగిన నిదర్శన మొకటి కలదు. రాజంపేట చేరువనున్న తాళ్లపాక గ్రామమున పుట్టిన అన్నమాచార్యులు (1408–1503) రచించిన సంకీర్తనములు 32,000 అని సంప్రదాయము చెప్పుచున్నది. లభించినవి దాదాపు 12,000. కుమారుడైన పెదతిరుమలాచార్యులు మున్నగు వంశీయుల పూనికచే ఇవి రాగిరేకులపై చెక్కబడి తిరుమల దేవాలయమునందలి సంకీర్తన భాండారమున భద్రపరుపబడినవి. కాలక్రమమున పాడువారు అరుదైరి. రేకులు చీకటిలో మిగిలినవి. 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషిచే అవి మరల వెలుగు జూచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగు పండితులు పరిష్కరించి ప్రకటించిరి. రాగిపై చెక్కించినవాడు దాచుకొనుటకు చెక్కింపడు. తరువాతివారు పాడుదురను నమ్మికతోనే చెక్కించును. కనుక వీనిని ప్రకటించుటలో అధర్మము లేదు. ప్రకటింపకుండుటయే యపరాధమై యుండెడిది.

కాని రేకులపై ప్రతి పాటకును రాగము పేరున్నదే కాని, పాడవలసిన వరుస లేదు. సాహిత్యము దక్కెను, గానము జారిపోయెను. ఈ లోటును తీర్చుటకు అనంతపుర మండలమున పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) పూనుకొని అనేక సంకీర్తనములకు స్వరములు కూర్చిరి. నేడు మనము వినునది అన్నమాచార్యుల మాట, శర్మగారి పాట. పిమ్మట మరికొందరు విద్వాంసులును తమతమ వరుసలు కట్టిరి. డగ్లస్ చేసినదియు ఇట్టి చేర్పే కదా. అతనిని నిందించి వీరిని కొనియాడుట పక్షపాతము కాదా యని యెవరైన నడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. భేదము రెండు విషయములందున్నది. శర్మగారు లేనిదానిని చేర్చిరే కాని, ఉన్నదానిని చెరిపివేయలేదు. రేకులు రేకులుగానే యున్నవి. స్వరకల్పన తమదని స్పష్టముగా తెలుపబడినది. పదకర్త పేరిట చెల్లింపబడలేదు. డగ్లస్ నాటి నాదమును చెరిపి నేటి నాదమును నిలిపి, దానిపై హెండ్రిక్సు పేరు వ్రాసి విక్రయించెను. ఒకటి పడిన గోడకు చేయూత. మరియొకటి నిలిచిన గోడను పడగొట్టి కట్టిన మేడ.

ఈ వివేకము మన పూర్వకవులకు లేకపోలేదు. నన్నయ భారతమును అరణ్యపర్వము నడుమ విడిచిపోయెను. రెండువందల యేండ్లకు పైబడిన పిదప ఎర్రన ఆ శేషమును పూరించెను. నన్నయ కవితారీతి కొంత తోచునట్లుగా, అతని రచనయే యన్నట్లుగా పూరించితినని ఎర్రనయే పర్వాంతమున చెప్పుకొనియున్నాడు. కృతిని మాత్రము నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే చెందనిచ్చెను. తనను మరుగుపరచుకొనిన వినయము, చేసినది దాచని సత్యము, రెండును ఒక్కచోట నిమిడినవి. పోతన భాగవతమున శిథిలములైన స్కంధములను గంగన, సింగన, నారయ యనువారు పూరించి తమ పేళ్లను తమ భాగములకు పెట్టుకొనిరి. అందుచేతనే ఏది పోతన పద్యమో, ఏది కాదో విచారించుటకు నేటికిని వీలు కలిగినది.

ఇట్టి జాగ్రత్త లేనిచోట కలుగు కీడునకు వేమన పద్యములే సాక్షి. వేమన తన పద్యములకు సాపుప్రతి నుంచలేదు. జనుల నోళ్లలో నుంచెను. 1820లో కడపకు ఉద్యోగమునకై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర వానిని సేకరింపబూని, వ్రాతప్రతులను తెప్పించి, పండితులచే పోల్చి చూపించి 1829లో 693 పద్యములను, 1839లో 1,164 పద్యములను ప్రకటించెను. దొర యుపకారము మరువరానిది. అయినను వేమన పేరును మకుటముగా తగిలించి యెవ్వరు కట్టిన పద్యమైనను వేమనదిగా చెల్లుచుండిన కాలమది. కులాచారమును ఖండించిన పద్యమును, స్త్రీలను నిందించిన పద్యమును ఒకే పుటలో, ఒకే మకుటముతో కనబడును. రెండును ఆ మహాత్మునివేనా? దీనిని నిశ్చయించుటకు మన చేత ఆధారము లేదు. చేర్చినవారు తమ చేర్పును గుర్తుపెట్టక పోవుటచే ఒక సత్యవాది నోట అసత్యము పలికించినట్లైనది. మృతునకు చేయు ద్రోహములలో దీనికి సమమైనది మరియొకటి లేదని మా యభిప్రాయము.

ఇక మృతుడు స్పష్టముగా నిషేధించిన సందర్భ మొకటి మిగిలినది. రోమక మహాకవి వర్జిల్ తన ‘ఈనీడ్’ కావ్యము అసమగ్రముగా నున్నదని, దానిని కాల్చివేయవలెనని మరణకాలమున కోరెనని చెప్పుదురు. అగస్టస్ చక్రవర్తి ఆజ్ఞచే మిత్రులైన వేరియసును, టుక్కాయును దానిని ప్రకటించిరి. వారు పాటించిన నియమము మెచ్చదగినది: కవి సగములో విడిచిన పాదములను సగములోనే విడిచిరి. రెండువేల యేండ్లు గడచినను ఆ యరపాదములు అట్లే యున్నవి. 1924లో మరణించిన కాఫ్కా యను రచయిత తన వ్రాతలను చదువకయే కాల్చివేయుమని మిత్రుడగు మాక్స్ బ్రాడును కోరెను. బ్రాడు కాల్చలేదు, మరుసటి యేడే ‘విచారణ’ యను నవలను ప్రకటించెను. ఆ పని తాను చేయజాలనని కాఫ్కాకు ముందే చెప్పియుంటినని బ్రాడు సమాధానము. మిత్రునకిచ్చిన మాట దాటుట తప్పే. కాని బ్రాడు మాట యిచ్చినవాడు కాడు. మాట యిచ్చి, పిదప ధనాశచే దాటిన వాడున్నచో వానిని మేము సమర్థింపము. గతించినవాడు అడుగవచ్చునా యను ధైర్యముతో తప్పిన మాట రెట్టింపు తప్పు.

ఈ విచారమంతయు దూరదేశపు విద్వాంసులకే చెందినదని యెవరును భావింపరాదు. కర్నూలు, కడప మండలములలో పౌరాణిక నాటకముల పద్యములు పాడినవారు, హరికథలు చెప్పినవారు, చెక్కభజన తత్త్వములు పాడినవారు ఎందరో కలరు. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రము వెలసిన పిమ్మట కొందరి గొంతు దూరమునకు వినబడినది. పెక్కురి గొంతు ఇంటనుండు టేపులలోను, క్యాసెట్టులలోను మాత్రమే నిలిచినది. అట్టి యొక నాటకగాయకుడు గతించెననుకొందము. భార్యకు మిగిలినది ఒక పెట్టె నిండ క్యాసెట్టులు. అందు కొన్నింట యౌవనమునాటి గంభీరస్వరము. కొన్నింట ముదిమిలో దగ్గుతో తెగిపోవుచు, మనుమనికి నేర్పుటకై పాడిన పద్యములు. వర్తకుడొకడు వచ్చి కొంత రొక్కమిచ్చి పెట్టె పట్టుకొనిపోయి, దగ్గును కోసివేసి, క్రొత్త వాద్యములు చేర్చి, తన పేరు పెద్దక్షరములతో వేసికొని లోకమునకు వినిపించును. ఆ యిల్లాలు చేసినది తప్పా? కడుపునకు లేనివారికి కళాధర్మము బోధించుట సులభము. గాయకుడు బ్రతికియుండగా తగిన పారితోషికమీయక, చచ్చిన పిమ్మట సంస్మరణసభలు చేయు మనమే ఆమెకంటె ముందు తలదించుకొనవలసినవారము. ఆ వర్తకుని చర్యను మన పెద్దలు శవముపై పేలాలు ఏరుకొనుటయందురు.

శాసనము కొంత రక్షణ కల్పించినది. 1957 నాటి కాపీరైటు చట్టము కృతికర్త మరణానంతరము 60 ఏండ్లవరకు రచనలపై వారసులకు హక్కునిచ్చుచున్నది. దాని 57వ పరిచ్ఛేదము, కర్త గౌరవమునకు భంగము కలుగునట్లు కృతిని వికృతపరచువారిని అడ్డగించుటకు వీలు కల్పించుచున్నది. 2012 సవరణచే పాడువారికిని, వాయించువారికిని ఇట్టి గౌరవహక్కు లభించినది. అయినను న్యాయస్థానపు మెట్లెక్కగల స్తోమత ఎందరికున్నది? శాసనము చేరలేని చోట మనస్సాక్షియే శాసనము కావలెను.

ఆ మనస్సాక్షికి మేము తలచిన నియమములివి. మొదటిది, చిత్తును చిత్తని చెప్పవలెను. ఏ యేట, ఏ సందర్భమున పాడినదో తెలిసినంతవరకు వ్రాయవలెను. రెండవది, మూలమును చెరుపరాదు. దిద్దినను, చేర్చినను మూలమును వేరుగా భద్రపరచి, చేర్చినవాని పేరు చేర్పునకే పెట్టవలెను. మూడవది, తోడి వాద్యకారులను మరువరాదు. తబలా వాయించినవాని వేళ్లును ఆ ముద్రణలో నిలిచియున్నవి. నాలుగవది, లాభములో వారసుల పాలు ముందు తీయవలెను. అయిదవది, పరుల గుట్టు బయటపెట్టునదియు, బ్రతికియున్నవారిని నొప్పించునదియు కళ పేరిట వెలువరింపరాదు. ఈ నియమములను పాటించువాడు మృతుని మౌనమును తన కనుకూలముగా తర్జుమా చేసికొన్నవాడు కాడు. ఇది మీ ప్రయత్నము, ఇంతవరకు వచ్చినది అని ఆయన పక్షమున సాక్ష్యము చెప్పినవాడగును.

మన మెట్టసీమలో పూర్వము జొన్నలను పాతరలలో నిలువచేసెడివారు. పాతర తీయునప్పుడు రైతు పాటించిన పద్ధతి ఈ విషయమున మనకు గురువు. మూత తీసిన వెంటనే లోనికి దిగడు. చెడుగాలి పోవువరకు వేచియుండును. అంచుల నుండి ముక్కిన గింజను వేరుగా, నడిమి మంచి గింజను వేరుగా తీయును. ముక్కిన గింజను పారవేయడు, పశువులకు పెట్టును. కాని దానిని మంచి గింజలో కలిపి సంతకు తీసికొనిపోవడు. కరవు వచ్చిన యేట పాతర తెరువనివాడు లోభి. కలిపి యమ్మువాడు మోసగాడు. చదువరులారా! మీ యిండ్లలో పెద్దల గొంతులు నిలిచిన పెట్టెలున్నచో వానిని బూజు పట్టనీయకుడు. వినుడు, పేరు వ్రాయుడు, తేదీ వ్రాయుడు, మరియొక ప్రతి తీయించి భద్రపరపుడు. వెలువరింపదలచినచో ఉన్నదానిని ఉన్నట్లు వెలువరింపుడు. ఆ పాడినవారు మరల వచ్చి విన్నచో, ఇది నాదే, ఇంతే నాది యని గుర్తింపగలుగునట్లు చేసిన పని ధర్మము. అంతకు మించినది మన యాశ.